ఎడమ మడమ

సూదంటే జుబియాకి భయం లేదు. భయమంతా రఫీకే. లారీ కమాను పట్టీలను కొలిమిలో ఎర్రగా కాల్చి సమ్మెటతో వంపు తీసే మనిషి, డాక్టరు సూది చేతిలోకి తీసుకోగానే గోడ మీది క్యాలెండరు వైపు మొహం తిప్పేశాడు. ఆటోనగర్‌లో ఎవరైనా చూస్తే ఏడాది పాటు చెప్పుకుని నవ్వుతారు.

"కదలకుండా పట్టుకోవయ్యా, అటు చూస్తే ఎలా?" అన్నాడు డాక్టరు.

రఫీ రెండు చేతులతో చెల్లెలి పాదం పట్టుకున్నాడు. జుబియా బల్ల మీద బోర్లా పడుకుని గడ్డం కింద చేతులు మడుచుకుంది. ఎడమ మడమకి పైన, పిక్క దిగి సన్నబడే చోట నరం వాచి లావుగా కనిపిస్తోంది. దసరా ముందు నుంచీ ఇదే వరస. పొద్దున్నే మంచం దిగి కుంటడం, కాస్త నడిచాక సర్దుకోవడం, సాయంత్రం గ్రౌండులో దూకి వచ్చాక ఐసుముక్క పెట్టుకుని కూర్చోవడం. ఆ కుంటుడు చూసినప్పుడల్లా రఫీకి ముద్ద దిగేది కాదు. అందుకే కోచ్ పాండురంగయ్య సారు "డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లు, ఒక్క ఇంజక్షనుతో తేలిపోతుంది" అనగానే పని మానుకుని మరీ తీసుకొచ్చాడు.

డాక్టరు పాతవాడేనని రఫీకి తెలుసు. బల్ల కూడా పాతదేనని గదిలోకి వచ్చాక చూశాడు. రెగ్జిను మార్చారు, ఇనుప కాళ్లు అవే. తొంభై ఏడులో తనూ ఇలాగే దాని మీద బోర్లా పడుకున్నాడు, ఒకసారి కాదు. ఇదే కాలికి, ఇదే చోట వేశారు. డాక్టరుకి జుట్టు నెరిసింది. రఫీని ఆయన గుర్తుపట్టలేదు, పట్టాలని రఫీ కూడా అనుకోలేదు.

"అయిపోయిందమ్మా. ఎల్లుండికి నొప్పి మాయం. ఆదివారం ఎగరడమే నీ పని," అంటూ ఆయన దూది అద్ది, గుండ్రటి ప్లాస్టరు ముక్క అంటించాడు.

బయటికి రాగానే జుబియా మెట్టు మీంచి కిందికి గెంతబోయింది. రఫీ జబ్బ పట్టి ఆపాడు.

"నీ మొహం చూసుకో భయ్యా. సూది నాకేశారా, నీకేశారా?"

"నోరు ముయ్. పొద్దున్న ఏమైనా తిన్నావా?"

"అమ్మీ రొట్టె పెట్టింది."

"ఒక్క రొట్టె ఏ మూలకి? పద."

రంజాన్ నెల సగం దాటింది. ఇడ్లీ బండి దగ్గర జుబియా తింటూ ఉంటే రఫీ దూరంగా, సైకిలు షాపు నీడలో నిలబడ్డాడు. సెలక్షన్లు అయ్యేవరకు జుబియా రోజా ఉపవాసాలు ఉండొద్దని, విడిచిన రోజులు తర్వాత తీర్చుకోవచ్చని తల్లి జైతూన్ బీతో చెప్పి ఒప్పించింది అతనే. ఆదివారం మున్సిపల్ స్టేడియంలో జిల్లా సెలక్షన్లు. లాంగ్‌జంప్‌లో మొదటి స్థానం వస్తే రాష్ట్ర జట్టు, దానితో పాటు హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్లో చోటు. వచ్చే ఏడాదికి జుబియా వయసు దాటిపోతుంది. ఇక ఈ ఆదివారమే ఉంది.

జుబియా చెయ్యి కడుక్కుని వచ్చింది. "కడుపు పగిలిపోతోంది. చాలా?"

"చాలు. ఖాళీ కడుపుతో దూకావంటే నాకైనట్టే అవుతుంది," అన్నాడు రఫీ. ఈ మాట అనీ అనీ నాలుకకి అలవాటైపోయింది. ఇప్పుడు తడుముకోవలసిన పని కూడా లేదు.

*

గురువారం షెడ్డులో రత్తయ్య లారీ జాకీల మీద లేచి ఉంది. చల్లపల్లి నుంచి ధాన్యం బస్తాలతో వస్తుంటే పామర్రు దాటగానే వెనక కమాను విరిగిందట. రఫీ కిందికి దూరి బోల్టులు వదులు చేసి, కట్టను నేలకి దించి, పట్టీలు ఒక్కొక్కటిగా విడదీశాడు. రెండో పట్టీ నడుమకి రెండు ముక్కలైంది.

"ఆ గుంత చేసిన పనయ్యా ఇది," అన్నాడు రత్తయ్య. "రోడ్డా అది, చేపల చెరువా?"

రఫీ విరిగిన ముక్కను వెలుగులోకి తిప్పాడు. విరుపు సగం మేర నల్లగా తుప్పు పట్టి ఉంది. మిగతా సగం తెల్లగా మెరుస్తోంది.

"మొత్తం నిన్న విరిగింది కాదండీ. ఈ నలుపు చూడండి, ఎప్పుడో చిట్లింది. ఆ చిట్లు మీదే తిప్పుతున్నారు. పామర్రులో విరిగింది ఈ తెల్లటి సగమే."

"భలేవాడివే. గుంత లేకపోతే విరిగేదా?"

డ్రైవర్లందరూ గుంతనే తిడతారు. రోజూ వినేదే కాబట్టి రఫీ వాదనకి దిగలేదు. కొత్త పట్టీ తెచ్చి కొలిమిలో పెట్టాడు. ఆ మూల షెడ్డు యజమాని హుమాయూన్ భాయ్ ఒక పాత పట్టీని కాల్చకుండానే ప్రెస్సులో పెట్టి వంచబోయాడు. అది ఫట్టున విరిగింది.

రఫీ చెయ్యి ఎడమ మడమ మీదికి పోయింది. తల వెనక్కి తిరిగింది.

"చూశాడ్రా మళ్లీ వెనక్కి," అన్నాడు హుమాయూన్ భాయ్. "ఎప్పుడు చూసినా ఎవరుంటార్రా నీ వెనకాల? మాక్కూడా ఒకసారి పరిచయం చెయ్యి."

అందరూ నవ్వారు. రఫీ కూడా నవ్వి, పట్టకారు తీసుకుని కొలిమి వైపు వంగాడు. ఏం చెప్తాడు? ఆ రోజు కూడా ఇదే చప్పుడు. స్టేడియంలో పరుగు తీసి, ఇంకో మూడు నాలుగు అంగల్లో దూకే చెక్క మీద కాలు పడుతుందనగా, ఎవరో వెనక నుంచి మడమకి గురి చూసి రాయి విసిరినట్టయింది. పడుతూ పడుతూనే వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మట్టి మీద తన అడుగులే ఉన్నాయి. రాయి వేసిందెవరో అతనికి అక్కడే, అలా బోర్లా పడి ఉండగానే అర్థమైపోయింది. ఎందుకంటే ఆ రోజు రంజాన్ నెలలో, రోజాలో ఉండి, ఎండకి నాలుక పిడచకట్టి, గ్యాలరీ వెనక కుళాయి దగ్గర అటూ ఇటూ చూసి దోసిళ్లు పట్టి తాగాడు. గొంతు తడుపుకోవడం కాదు, కడుపు నిండా తాగాడు. మనుషులెవరూ చూడలేదు. చూసేవాడు చూశాడు, వేసేవాడు వేశాడు. ఇప్పటికీ ఏ చప్పుడైనా సరే, తన పేరు పెట్టి పిలిచినట్టే ఉంటుంది అతనికి.

పట్టీ ఇంకా ఎరుపెక్కలేదు. షెడ్డు ముందు స్కూటరాగింది. ఇస్త్రీ చొక్కా మనిషి లోపలికి వచ్చి నేల మీది గ్రీజు దాటుకుంటూ నిలబడ్డాడు.

"రఫీ గారంటే మీరేనాండీ? లాంగ్‌జంప్ రఫీ గారు?"

ఆ పేరుతో పిలిచి ఎన్నేళ్లయిందో. రఫీ చేతులు గుడ్డకి తుడుచుకుని లేచాడు.

వచ్చిన మనిషి పేరు కిరణ్‌కుమార్. కాలేజీలో వ్యాయామ విద్య లెక్చరరు. ఆటగాళ్ల పిక్క కండలు, మడమ నరాల మీద పిహెచ్‌డీ చేస్తున్నాడట. గట్టి కాళ్లు, నొప్పి ఉన్న కాళ్లు, నరం తెగిన కాళ్లు, మూడు రకాలనీ కొలిచి స్కాను తీసి పోల్చి చూస్తాడట.

"గట్టి కాళ్లు బోలెడు దొరికాయండీ. తెగినవాళ్లే దొరకడం లేదు. తెగాక ఎవరూ గ్రౌండు వైపు రారు కదా," అన్నాడు. "రేపు సూర్యారావుపేట స్కాను సెంటర్లో మధ్యాహ్నం మనకి మిషను ఇస్తానన్నారు. ఒక్క గంట రాగలరా?"

రఫీకి వెళ్లాలని లేదు. కానీ తెగిన కాళ్లు అనే మాట పట్టుకుంది. అంటే తనొక్కడే కాదన్నమాట.

*

వించిపేటలో వాళ్ల వీధి చివర మసీదు. ఇఫ్తార్ వేళకి అజాన్‌తో పాటు ఒక ఔటు పేలుస్తారక్కడ, పేట మొత్తానికి వినపడాలని. నెల పొడుగునా ప్రతి సాయంత్రం ఆ ఔటు కోసం అందరూ ఎదురు చూస్తారు, రఫీ తప్ప. అది పేలగానే అందరి చేతులూ ఖర్జూరం మీదికి వెళితే, అతని చెయ్యి మడమ మీదికి వెళుతుంది.

ఆ సాయంత్రం పక్కింటి దానమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది. జైతూన్ బీ ఉడికించిన శనగల్లో ఉల్లిపాయ కలుపుతూ ఆమెకి పాత కథే మళ్లీ చెప్పింది.

"కాలు తెగింది గానీ నా కొడుకు రోజా తెగలేదమ్మా. నొప్పికి గిలగిల్లాడుతున్నాడు. సారు నోటి దగ్గర నీళ్లు పెడితే తల అడ్డంగా ఊపాడు, వద్దని. అంతమంది చూశారు. ఈ కాలప్పిల్లల్లో ఎవరుంటారు అట్లా?"

"అయినా ఖాళీ కడుపున అంత దూరం ఉరకడం తప్పు కదండీ," అంది దానమ్మ.

"తప్పే. అందుకేగా దీన్ని ఉండనివ్వట్లేదు," అని జైతూన్ బీ జుబియా వైపు చూపించింది. "వాడు రంజాన్ కాని నెలల్లో కూడా ఉంటాడు. ఎందుకురా అంటే చెప్పడు. పోలిక, వాళ్ల తాత పోలిక."

రఫీ గోడకి ఆనుకుని వింటున్నాడు. తల అడ్డంగా ఊపిన మాట నిజమే. ఎందుకు ఊపాడో చెప్పే ధైర్యం ఆ రోజూ లేదు, ఈ రోజూ లేదు. సిగ్గుతో ఊపిన తలకి తల్లి ఇన్నేళ్లుగా హారతి పడుతోంది. ఆమెకి మిగిలిన గర్వం అదొక్కటే, దాన్ని లాక్కోవడానికి చేతులెలా వస్తాయి?

*

శుక్రవారం జుమ్మా నమాజు చేసుకుని స్కాను సెంటరుకి వెళ్లేసరికి వరండా బెంచీ మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. కుడి చెప్పు మామూలుది, ఎడమ చెప్పుకి మడమ దగ్గర అదనంగా ఎత్తు కుట్టించుకుంది. రఫీ నడక చూసి ఆమే పలకరించింది.

"మీకూ ఎడమ కాలేనా అండీ?"

పేరు నాగదుర్గ. చల్లపల్లి దగ్గర మగ్గాలవాళ్ల అమ్మాయి. హర్డిల్స్ పరిగెత్తేదట. రెండేళ్ల కిందట తెగిందట. ఇప్పుడు పెదనాన్న గారి బట్టల కొట్లో స్టూలు మీద కూర్చుని చీరలు చూపిస్తుంది.

"మగ్గం తొక్కలేనండీ. పలక మీద కాలు ఆనించగానే జారిపోతున్నట్టుంటుంది," అంది. తర్వాత రఫీ పేరు విని కళ్లు పెద్దవి చేసింది. "అయ్యో, రోజా రఫీ గారా మీరు? పాండురంగయ్య సారు మీ గురించి ఎన్నిసార్లు చెప్పేవారో. ఖాళీ కడుపుతో దూకి కాలు పోగొట్టుకున్నాడు, మీరట్లా చెయ్యొద్దర్రా అనేవారు. నేను శనివారం ఒక్కపొద్దు కూడా మానేశాను మీ మూలాన. ఆ రోజు శుభ్రంగా పెరుగన్నం తిని దిగాను. మరి నాకెందుకు తెగిందో."

ఆమె మామూలుగానే అంది, ఎత్తిపొడుపు ఏమీ లేదు. తన అబద్ధం ఇంట్లోనే ఉందనుకున్నాడు రఫీ ఇన్నాళ్లూ. అది గ్రౌండులో కాపురం పెట్టి పిల్లలకి బుద్ధులు చెబుతోందని ఇప్పుడే తెలిసింది.

"మీకు సూది వేయించారాండీ, సారు?" అని అడిగాడు చివరికి.

"వేయించారు. ముందు వారమే. ఎంత హాయిగా ఉండిందో ఆ వారం."

లోపల కిరణ్‌కుమార్ టేపుతో రెండు పిక్కలూ కొలిచాడు. ఎడమది కుడిదానికన్నా బాగా సన్నం. గోడ పట్టుకుని ఎడమ మునివేళ్ల మీద లేవమంటే రఫీ మడమ నేల నుంచి కాగితమంత లేచి ఆగిపోయింది. తర్వాత బోర్లా పడుకోబెట్టి, చల్లటి జిగురు రాసి, మిషను ముక్కని మడమ మీద పైకీ కిందికీ జరిపాడు.

"తల తిప్పి చూడండి. ఇది మీ కుడి కాలు. ఆ తెల్లటి గీతలు చూశారా, పడుగు పోగుల్లా ఎంత వరసగా ఉన్నాయో. దీన్ని అందరూ నరం అంటారు గానీ, కండని ఎముకకి కట్టిన తాడండీ ఇది. ఎగిరేటప్పుడు సాగి, మళ్లీ లాగుతుంది. ఇప్పుడు ఎడమది చూడండి."

ఎడమది చూస్తే ఏదీ వరసలో లేదు. తెల్లటి మచ్చలు, మధ్యలో నల్లటి మడుగులు.

"ఆ రోజు ఒక్క అడుగులో ఇలా అయిందాండీ?" అన్నాడు రఫీ.

"ఒక్క అడుగులో ఎక్కడవుతుంది? నెలల తరబడి లోపల పోగులు పాడవుతూ ఉంటాయి. ఆ చివరి అడుగు పేరుకే. మీకు ముందు నుంచి నొప్పి ఉండేదా? ఇంజక్షన్లు తీసుకున్నారా అక్కడ?"

"తీసుకున్నాను."

కిరణ్‌కుమార్ చెయ్యి ఆగింది. మిషను పక్కన పెట్టాడు. "సూది వల్లే తెగిందని నేను రాయలేనండీ, అంత రుజువు నా దగ్గర లేదు. కానీ నాకు దొరికిన తెగిన కాళ్లలో ఎక్కువ వాటికి ఆ సూది పడింది. నొప్పి పోతుంది గానీ పోగులు బాగుపడవు. పైగా కొన్నాళ్లు ఇంకా బలహీనంగా ఉంటాయి."

"రోజా ఉంటే తెగుతుందంటారుగా?"

"ఎవరన్నారు?"

"పోనీ నీళ్లు తాగితే?"

కిరణ్‌కుమార్ నవ్వేశాడు. "నీళ్లు తాగితే కాలు తెగుతుందా రఫీ గారూ? భలే అడుగుతారే."

రఫీ నవ్వలేదు. బల్ల మీద అలాగే పడుకుని తెర వైపు చూస్తూ ఉన్నాడు. పామర్రు గుంత, రత్తయ్య, నల్లటి సగం, తెల్లటి సగం. రోజూ చేత్తో పట్టుకుని ఊళ్లో వాళ్లందరికీ చూపించేదే, తన కాలి దగ్గరికొచ్చేసరికి తోచలేదు. రాయి ఎవరూ వెయ్యలేదు. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. ఇన్నేళ్ల బరువు దిగిపోతోందనిపించింది. అలా అనిపించినంతసేపు కూడా కాలేదు, జుబియా పాదం గుర్తొచ్చింది.

"సూది వేశాక ఎన్నాళ్లు దూకకూడదు?" అన్నాడు లేచి కూర్చుంటూ.

"రెండు మూడు వారాలైనా. నన్నడిగితే ఇంకా ఎక్కువే అంటాను. ఎందుకు?"

"మా చెల్లెలికి మొన్న బుధవారం వేయించాను. నేనే పాదం పట్టుకున్నాను. ఎల్లుండి సెలక్షన్లు."

కిరణ్‌కుమార్ జిగురు తుడిచే గుడ్డ కింద పెట్టాడు. "దూకనివ్వకండి," అన్నాడు. "సోమవారం తీసుకురండి, నేను చూస్తాను." గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించాడు. "పాండురంగయ్య గారి దగ్గర నా పేరు మాత్రం ఎత్తకండి. నేను కొలవాల్సిన పిల్లలంతా ఆయన గ్రౌండువాళ్లే."

*

ఆ సాయంత్రమే చెప్పాడు. జుబియా చాప మీద కూర్చుని స్పైక్స్ బూట్ల అడుగున మట్టి పుల్లతో గీకుతోంది.

"జుబీ, ఆదివారం వద్దు. సూది పడ్డాక దూకితే తెగుతుందట. స్కాను సారు చెప్పాడు."

ఆమె తలెత్తకుండానే, "నీకు తెగింది రోజా వల్ల కదా. నేను తింటున్నాగా," అంది.

"దానివల్ల కాదు."

"మరి దేనివల్ల? ఇన్నాళ్లూ నువ్వే చెప్పావుగా, ఖాళీ కడుపు, ఖాళీ కడుపు అని. పిల్లలకి పథ్యం పెట్టినట్టు రోజూ తినిపిస్తున్నావుగా."

రఫీ నోరు తెరిచాడు. పొయ్యి దగ్గర నుంచి తల్లి ఇటే చూస్తోంది. ఆ చూపులో ఉన్న నమ్మకం చూసేసరికి నోరు మూసుకున్నాడు. ఔటు పేలింది. చెయ్యి మడమ మీదికి పోయింది.

"చూశావా, నీ భయమే ఇది," అంది జుబియా జాలిగా. "నాకు అస్సలు నొప్పి లేదు భయ్యా. మెట్లు దిగినా లేదు. నన్ను భయపెట్టకు, నీ కాళ్లు పట్టుకుంటాను."

శనివారం పొద్దున్నే పాండురంగయ్య సారు ఇంటికి వెళ్లాడు. ఆయన బనీనుతో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. రఫీని చూసి ఆప్యాయంగా కుర్చీ జరిపాడు. ఆయన చెడ్డవాడైతే బాగుండేది, తగువు పెట్టుకోవడం తేలికయ్యేది. రఫీకి కట్టు కట్టించి, నెలంతా ఆసుపత్రికి వచ్చి కూర్చున్న మనిషి.

"సూదా?" అన్నాడు ఆయన. "ఎంతమందికి వేయించానురా, అందరికీ తెగాయా? నీ సంగతి వేరు. ఎండలో రోజా ఉండి దిగావు, నేను చెప్తే విన్నావా? నీళ్లిస్తే కూడా తాగలేదు. నేనెప్పుడూ నిన్ను తప్పు పట్టలేదు, మీ భక్తి మీది."

"నాగదుర్గకి రోజా లేదు కద సార్."

ఆయన పేపరు మడిచాడు. "ఆ పిల్ల వేడెక్కకుండా దిగింది. ఒరేయ్ రఫీ, దాని చోటు పోగొట్టకు. నీ చెల్లెలికి రెక్కలున్నాయి, నా మాట విను."

రఫీ లేచాడు. నడుస్తూ ఉంటే తెలిసింది, తన అబద్ధం ఇంకొకరికి కూడా దుప్పటైందని. దాన్ని కప్పుకుని ఆయన నిశ్చింతగా నిద్రపోతున్నాడు. ఇక ఆ దుప్పటి లాగాలంటే ఒకటే దారి.

*

ఆదివారం స్టేడియంలో జుబియాని చెయ్యి పట్టుకుని గ్యాలరీ వెనక్కి తీసుకుపోయాడు. ఆమె నంబరు కాగితం చొక్కాకి గుచ్చుకుంటూనే విసుగ్గా వచ్చింది. కుళాయి అదే. కింద పాకుడు పట్టిన సిమెంటు తొట్టి అదే.

"ఇక్కడే," అన్నాడు రఫీ.

"ఏంటి ఇక్కడే?"

"ఆ రోజు నీళ్లు తాగింది. నేను రోజాలో లేను జుబీ. దూకడానికి ముందు ఇక్కడ తాగేశాను."

జుబియా ముందు నవ్వింది. తర్వాత అతని మొహం చూసి ఆగింది.

"సారు ఇస్తే వద్దన్నావుగా. అందరూ చూశారుగా."

"సిగ్గేసింది. అయినా కడుపు నిండా నీళ్లే ఉన్నాయి, ఇంకెక్కడ పడతాయి?" అన్నాడు. "తెల్లవారుజామున సెహరీలో అమ్మీ పెట్టినదంతా తిన్నాను. ఇక్కడ తాగాను. ఖాళీ కడుపు కాదు. చల్లపల్లి అమ్మాయి నాగదుర్గ పెరుగన్నం తిని దిగింది, ఆమెకీ తెగింది. నువ్వూ తిని వచ్చావు. మన ముగ్గురికీ కలిసింది ఆ సూదొక్కటే. నీ పాదం పట్టుకుని వేయించింది నేను."

"అమ్మీకి తెలుసా?"

"తెలీదు."

మైకులో లాంగ్‌జంప్ పేర్లు మొదలయ్యాయి. జుబియా అటు చూసింది. కళ్ల నిండా నీళ్లు నిలిచాయి. "నొప్పి లేదు భయ్యా," అంది. "ఒట్టు. బొత్తిగా లేదు."

"నాకూ లేదు, ఆ రోజు."

ఆమె పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. జుబియా తొట్టి గట్టు మీద కూలబడి, తల వంచుకుని, స్పైక్స్ లేసులు విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుపోయి రాలేదు. పళ్లతో లాగింది.

ఈల మెడలో ఊగుతుండగా పాండురంగయ్య సారు పరుగున వచ్చాడు. "ఏం నూరిపోశావురా దానికి?"

"ఆ రోజు నేను రోజా లేను సార్," అన్నాడు రఫీ. "మీరు నీళ్లివ్వక ముందే తాగాను, ఈ కుళాయి దగ్గరే. రోజా వల్ల తెగలేదు. ఇక ఎవరికీ అట్లా చెప్పకండి."

ఆయన కుళాయి వైపు చూశాడు, విప్పిన బూట్ల వైపు చూశాడు. జుబియా మడమ మీది ప్లాస్టరు ముక్క దగ్గర ఆయన చూపు కాసేపు ఆగిపోయింది. తర్వాత వెనక్కి తిరిగి, వచ్చినంత వేగంగా కాకుండా నడిచి వెళ్లిపోయాడు.

ట్రాక్ పక్క నుంచి బయటికి వస్తుంటే తర్వాతి పిల్ల పరుగు దారి మొదట్లో నిలబడి ఉంది. ఆమె ఎడమ మడమ మీద కూడా గుండ్రటి ప్లాస్టరు ఉంది. జుబియా అన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. రఫీ "అమ్మా, ఆగు" అంటూ ఒక అడుగు వేసేలోపే ఆ పిల్ల పరుగందుకుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆ పిల్ల చెక్క తొక్కి, లేచి, ఇసకలో పడింది. ఏ చప్పుడూ రాలేదు. ఇసక దులుపుకుని నవ్వుతూ లేచింది. ఆమెకి ఇంకా దూకవలసినవి ఉన్నాయి.

ఎవరో కాగితం మీద జుబియా పేరు కొట్టేసి, మైకులో ఇంకొకరిని పిలిచారు.

*

"అప్పుడే వచ్చారేం?" అంది జైతూన్ బీ.

జుబియా లోపలి గదిలోకి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. బొప్పాయి కోస్తున్న తల్లి ఎదురుగా రఫీ కింద కూర్చున్నాడు. కూర్చుని మొత్తం చెప్పాడు. కుళాయి, నీళ్లు, సిగ్గుతో ఊపిన తల, సూది. కత్తి ఆగలేదు. ముక్కలు మాత్రం చిన్నవై, ఇంకా చిన్నవై, తినడానికి పనికి రాకుండా పోయాయి.

"దానమ్మకి కూడా చెప్పాను," అంది చివరికి. "పేటంతా చెప్పాను."

"తెలుసు అమ్మీ."

ఆమె లేచింది. సాయంత్రం దాకా పని చేస్తూనే ఉంది. మసాలా నూరింది, నూరిన రోలు కడిగింది, కడిగిన రోలు మళ్లీ కడిగింది. దానమ్మ గుమ్మం దగ్గరికొచ్చి లోపలి వాతావరణం చూసి వెళ్లిపోయింది.

పొద్దు వాలాక చాప పరిచి పళ్లెం పెట్టింది. జుబియాని లేపుకొచ్చి, ఏడ్చి ఉబ్బిన మొహం కొంగుతో తుడిచి కూర్చోబెట్టింది. గిన్నెలో ఐసుముక్కలు తెచ్చి పిల్ల ఎడమ కాలు అందులో పెట్టింది. మడమ మీద వేళ్లతో తడిమి, వాపు దగ్గర ఆగి, రఫీ వైపు చూడకుండానే అడిగింది.

"నీక్కూడా ఇంతే ఉండేదా?"

"ఇంతకన్నా ఎక్కువే."

"నాకు చెప్పలేదేం?"

నెలంతా రఫీ కూర్చునే చోటు గోడ పక్కన. ఇవాళ అక్కడికి కూడా పోబుద్ధి కాక గుమ్మం దగ్గరే ఉండిపోయాడు. జైతూన్ బీ చాప మీద తన పక్కన అరచేత్తో తట్టింది. అతను వచ్చి కూర్చున్నాడు. ఆమె కూజా వంచి గ్లాసు నింపి, ఖర్జూరం కన్నా ముందు ఆ గ్లాసే అతని చేతిలో పెట్టింది. పెట్టి, చెయ్యి తియ్యకుండా పట్టుకునే ఉంది.

"రేపు దాన్ని ఆ స్కాను సారు దగ్గరికి తీసుకెళ్లు," అంది. "నేనూ వస్తాను."

జుబియా గిన్నెలో ఐసుముక్కల్ని కాలి బొటనవేలితో కదుపుతోంది. కొంచెం జరిగి అన్న మోకాలికి తన మోకాలు ఆనించింది. వీధి చివర మైకు గరగరమంది.

ఔటు పేలింది. రఫీ భుజం అదిరింది. నీళ్లు కొన్ని చాప మీద ఒలికాయి. చెయ్యి మాత్రం తల్లి చేతి కింద గ్లాసు దగ్గరే ఉంది. మిగిలిన నీళ్లు తాగాడు.